బోర్లా పడేదాకా ఆగాలా?

(మూడో నెల పాపతో కోడలు పుట్టింటి నుంచి వచ్చి వారమైంది. చాప మీద బొంత పరిచి పాపను బోర్లా పడుకోబెట్టింది. రెండు నిమిషాలకే పాప ఏడుపు అందుకుంది.)

అత్తగారు: ముందు ఎత్తుకోమ్మా. మెడ నిలవని పసిదాన్ని అలా నేలకు వేస్తే ఏడవక ఏం చేస్తుంది? నెలలు వస్తే తనే బోర్లా పడుతుంది, ఆ రోజు బొబ్బట్లు చేసి నాలుగిళ్లకూ పంచుదాం. మీ ఆయనకు బోర్లా పడటం నేనేమీ నేర్పలేదు.

కోడలు: మెడ నిలవలేదనే వేస్తున్నాను, అత్తయ్యా. వెల్లకిలా ఉన్నంతసేపు మెడకూ వీపుకూ అంతగా పని ఉండదు. బోర్లా వేస్తే తల ఎత్తడానికి, ముంజేతుల మీద ఆనడానికి ప్రయత్నిస్తుంది, ఆ బలమే రేపు దొర్లడానికీ పాకడానికీ పనికివస్తుంది. ఇంకా పాకడం రాని పిల్లలను మెలకువగా ఉన్న వేళల్లో, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అత్తగారు: వెల్లకిలానే పడుకోబెట్టమని ఆసుపత్రిలో చెప్పారని మొన్న నువ్వే అన్నావు. ఇందులో ఏ మాట వినాలి?

కోడలు: రెండూ వినాలి. నిద్రకు వెల్లకిలా, ఆటకు బోర్లా. పిల్లలను వెల్లకిలా నిద్రపుచ్చమని అమెరికాలో 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, కారణం తెలియకుండా నిద్రలోనే పోయే పసిపిల్లల మరణాలు కొన్నేళ్లలో దాదాపు సగానికి తగ్గాయి. అయితే ఎప్పుడూ వెల్లకిలానే ఉండటంతో తల వెనక చదునైన పిల్లలు ఎక్కువయ్యారు. తల గుండ్రంగా రావాలని మీరు కుట్టిన ఆవాల దిండు కన్నా ఈ బొంతే మేలు. పసిపిల్లలు నిద్రపోయే చోట అసలు దిండే ఉండకూడదు.

అత్తగారు: దిండు సంగతి తర్వాత చూద్దాం.

(ఆ సంగతి ఆ పూట మళ్లీ రాలేదు. ఈ ఒక్క విషయంలో కోడలి మాటకు తిరుగు లేదు.)

అత్తగారు: అంత మంచిదైతే ఆ ఏడుపెందుకు? నీళ్లు పోసేటప్పుడు కాళ్లు చాపుకుని, వాటి మీద దీన్ని బోర్లా వేసుకుని వీపంతా నూనె రాస్తాను కదా, ఒక్కనాడైనా కిక్కురుమన్నదా? తల ఎత్తి చెంబుకేసి చూస్తుంది, నా మాటకు ఊ కొడుతుంది. ఇక్కడేమో నువ్వు ఫోనులో నిమిషాలు లెక్కపెడుతూ నిలబడతావు, దానికి బొంత మీది గళ్లు తప్ప మనిషి ముఖం కనబడదు.

కోడలు: (కొంచెం ఆగి) అది నిజమే. మీ కాళ్ల ఎత్తుకు దాని ఛాతీ పైకి లేస్తుంది కాబట్టి తల ఎత్తడం తేలికవుతుంది. తువ్వాలును చుట్టగా చుట్టి చంకల కింద పెట్టి, ఎదురుగా నేనూ బోర్లా పడుకుని పలకరిస్తాను. కానీ స్నానం రోజుకొక్కసారే కదా? రెండు మూడు నిమిషాల చొప్పున, లంగోటీ మార్చినప్పుడల్లా వేయాల్సిందే.

అత్తగారు: పాలు తాగిన వెంటనే వేస్తే కక్కుతుంది. ఏడిస్తే గడియారం చూడకుండా ఎత్తుకోవాలి.

కోడలు: ఒప్పుకున్నాను. మరి మధ్యాహ్నం నేను వంట చేసేటప్పుడు మీరు వేయాలి.

అత్తగారు: ఈ మోకాళ్లతో నేల మీద పడుకోనా?

కోడలు: దివాను మీద వెనక్కి వాలండి, మీ ఛాతీ మీద దీన్ని బోర్లా వేస్తాను. మీరు నిద్రపోకుండా ఉంటే చాలు, అదీ లెక్కలోకి వస్తుంది.

అత్తగారు: ఉండు, ఈ గొలుసు తీయనీ. దాని చెంపకు గుచ్చుకుంటుంది.