మంచినీళ్లు అడిగిన పాపానికి

కుర్చీల్లో ఇంకా సర్దుకుని కూర్చోనే లేదు, సర్వరు వచ్చి నిలబడ్డాడు. చేతిలో నీళ్ల సీసా. బొటనవేలు అప్పటికే మూత మీద ఉంది. “రెగ్యులర్ వాటరా సార్, బాటిల్ వాటరా?” అన్నాడు. ఊరి నుంచి వచ్చిన మా పెదనాన్న తలెత్తి “మంచినీళ్లు ఇవ్వు బాబూ” అన్నారు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు. తన దగ్గరున్న రెండు రకాల్లో పెద్దాయన ఏది అడిగారో అతనికి అర్థం కాలేదు. నాకూ వెంటనే తట్టలేదు. బల్ల చుట్టూ ఆరుగురం ఉన్నాం. పక్క బల్లవాళ్లు మా వైపే చూస్తున్నట్టు అనిపించింది. “బాటిలే ఇవ్వండి” అనేశాను. మూత టక్కున తెరుచుకుంది. ఒకటి కాదు, మూడు సీసాలు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటిల్లిపాదినీ తీసుకుని బయట తినడానికి వెళ్లిన ప్రతివాళ్లకీ ఈ ప్రశ్న పరిచయమే. నలుగురిలో “మామూలు నీళ్లు చాలు” అనడానికి ఎంతమందికి నోరు వస్తుందో చూద్దామనే అది అడుగుతారని నా అనుమానం. పైగా ‘రెగ్యులర్’ అనే మాటను పలకడంలోనే, అవి కాస్త తక్కువ రకం సుమా అన్న హెచ్చరిక ఉంటుంది. నిజానికి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం హోటల్లో వంటకూ వడ్డనకూ వాడేవి తాగడానికి యోగ్యమైన నీళ్లే అయి ఉండాలి. ఆ నీళ్లు తాగడానికి పనికిరావంటే, వాటితోనే ఉడికిన పప్పును ఏ ధైర్యంతో తింటున్నట్టు? ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ ఇంటికి వచ్చాకే తడుతుంది.

బయటి తిండి మీద మనవాళ్ల ఫిర్యాదులు వింటుంటే ఒక విషయం ఆశ్చర్యంగా ఉంటుంది. రుచి బాగాలేదనే మాట అంత తరచుగా వినపడదు. బిర్యానీలో ఉప్పు ఎక్కువైతే రైతాతో సర్దుకుంటారు, సాలన్ నీళ్లలా ఉంటే నవ్వుకుంటారు. మనసులో ముల్లులా మిగిలేవి వేరు: అడగని సీసా, చెప్పని రుసుము, రాత్రి పదిన్నర దాటాక తలమీద లైట్లు ఒక్కొక్కటే ఆర్పేయడం. అంటే మనల్ని బాధించేది మర్యాద లోపం. దానికి ఇప్పుడు ఒక ధర కూడా ఉంది, అది బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

ముందు సీసా సంగతి తేలుద్దాం. ఇరవై రూపాయల నీళ్లకు అరవై తీసుకోవడం చట్టవిరుద్ధమని చాలామంది అనుకుంటారు. కాదు. 2017 డిసెంబరులోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. హోటల్‌కు వచ్చేవాళ్లు సీసా కొనుక్కుని వెళ్లిపోవడానికి రారు, కూర్చుంటారు, వడ్డన పొందుతారు, అక్కడి వాతావరణాన్ని అనుభవిస్తారు, కాబట్టి ఎంఆర్‌పీ నిబంధన అక్కడ వర్తించదన్నది ఆ తీర్పు సారాంశం. తర్కం బాగానే ఉంది. చల్లటి గది, మెత్తటి కుర్చీ, వంగి నిలబడ్డ మనిషి, వీటన్నిటి ఖరీదూ సీసా ధరలో కలిసిపోయింది. మరి అలాంటప్పుడు బిల్లు చివర మళ్లీ పది శాతం సర్వీసు చార్జీ దేనికి?

ఇది నాకొక్కడికే పుట్టిన సందేహం కాదు. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి రెస్టారెంట్ల సంఘాలను అడిగింది దాదాపు ఇదే. ఇరవై రూపాయల సీసాకు వంద తీసుకుంటున్నారు, ఆ పైన తీసుకునేది వాతావరణానికే అయితే సేవకు వేరే రుసుమెందుకు అని. ఆ సంఘాలు ఆ మెట్టు దాకా రావడానికి పెద్ద కథే నడిచింది. సర్వీసు చార్జీ ఇష్టమైతేనే ఇవ్వవచ్చని కేంద్రం 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీచేసి, బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదనీ, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదనీ తేల్చిచెప్పింది. మూడు వారాలు తిరక్కుండానే ఢిల్లీ హైకోర్టులో స్టే వచ్చింది. చివరికి 2025 మార్చి 28న అదే కోర్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ, సవాలు చేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయలు ఖర్చుల కింద వేసింది. దాని మీద వెళ్లిన అప్పీలులో వచ్చిందే పై ప్రశ్న.

ఒక్క బిల్లు చూద్దాం. తిన్నది రెండు వేలకు. దాని మీద పది శాతం సర్వీసు చార్జీ, రెండు వందలు. ఇప్పుడు జీఎస్టీ ఐదు శాతం పడేది రెండు వేల మీద కాదు, రెండు వేల రెండు వందల మీద. అంటే నూట పది. కట్టాల్సింది 2310. సర్వీసు చార్జీ లేకపోతే 2100తో పోయేది. తేడా రెండు వందల పది. ఆ చివరి పది రూపాయలు నన్ను మరీ కలవరపెడతాయి. ఇష్టమైతేనే ఇవ్వాల్సిన డబ్బు మీద తప్పనిసరిగా కట్టిన పన్ను అది.

హోటల్ యజమానుల మీద నాకేమీ కక్ష లేదు. అద్దెలు, గ్యాసు, మధ్యలో డెలివరీ యాప్‌ల కమీషను, మూడు నెలలకోసారి మారిపోయే వంటవాళ్లు, వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. ఖర్చు పెరిగితే పెసరట్టు మీద పది రూపాయలు పెంచుకోవచ్చు, ఏ కోర్టూ అడ్డుకోదు. మరి పెంచరెందుకు? మెనూలో ధరను మనం కడుపు కాలుతున్నప్పుడు చూస్తాం, పక్క హోటల్‌తో పోలుస్తాం, ఫోనులో ముందే వెతికి వస్తాం. బిల్లు వచ్చేసరికి కడుపు నిండి ఉంటుంది, పోల్చడానికి ఏమీ ఉండదు, పైగా బంధువులు చేతులు కడుక్కుని సోంపు నములుతూ నిలబడి ఉంటారు. ధర దాచుకోవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

ఇక్కడే పాత భోజన హోటల్ గుర్తుకొస్తుంది. గుమ్మంలో క్యాషు బల్ల, డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటే తప్ప లోపలికి అడుగు పడదు. చూడడానికి అది మొరటు పద్ధతి, తినకముందే డబ్బులేమిటి అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క టోకెన్‌తో లెక్క ముగిసిపోయేది. ఆ తర్వాత ఆకు ముందు కూర్చున్నవాడికి ఏ బెంగా లేదు. మారు పప్పు అడగవచ్చు, ముద్దపప్పులో ఇంకో చుక్క నెయ్యి అడగవచ్చు, పెరుగు దగ్గర మళ్లీ అన్నం పెట్టించుకోవచ్చు. స్టీలు జగ్గులో నీళ్లు ఎవరూ అడగకుండానే బల్ల మీద ఉండేవి. కాకినాడ సుబ్బయ్య హోటల్ పేరు చెప్పగానే జనం అరిటాకునీ కొసరి కొసరి వడ్డించడాన్నీ తలుచుకోవడానికి కారణం వంటల సంఖ్య ఒక్కటే అనుకోను. తిన్న కొద్దీ బిల్లు పెరగదన్న నిశ్చింత కూడా ఆ ముద్దలో కలుస్తుంది. రెస్టారెంటులో వడ్డించే ప్రతి గరిటెకూ ఒక మీటరు తిరుగుతుంటుంది, ఆటోలో కూర్చున్నట్టు.

అలాగని పాతవన్నీ బంగారమని నేననను. మనం తింటుంటే కుర్చీ వెనకే నిలబడి మన పెరుగన్నం వైపు గుడ్లప్పగించి చూసే తర్వాతి మనిషిని మరిచిపోగలమా? ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అని బోర్డు కట్టుకుని ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో గుమ్మంలోనే చెప్పిన రోజులూ మన చరిత్రలోవే. ఇవాళ్టి చల్లటి గదిలో డబ్బున్న ఎవరైనా కూర్చోవచ్చు, కులం అడిగేవాడు లేడు. అది చిన్న సంగతి కాదు.

పబ్బుల సంగతి క్లుప్తంగానే చెబుతాను. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి తిండి లెక్క, తాగుడు లెక్క విడివిడిగా ఉండాలి. ఆ హోరులో, ఆ మసక వెలుతురులో ఫోను టార్చి వేసి బిల్లు చదివిన మనిషిని ఇంతవరకు ఒక్కణ్నే చూశాను. స్నేహితులు అతన్ని ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. ఇంకో తిరకాసు చిన్న హోటళ్లలో ఉంది. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారంతో కాంపోజిషన్ అనే జీఎస్టీ పథకంలో చేరిన హోటల్ మన దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, తన రాబడిలోంచే కట్టుకోవాలి. ఆ సంగతి బిల్లు మీద రాయాలి కూడా. రాశారో లేదో ఎప్పుడైనా చూశారా?

బల్ల దగ్గరి మొహమాటం కన్నా ప్రమాదకరమైనది వంటగది తలుపు దగ్గర ఉంది. 2024లో తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ హైదరాబాదులో వరసగా తనిఖీలు చేసి, ఏ హోటల్లో ఏం కనిపించిందో సామాజిక మాధ్యమాల్లో ఫొటోలతో సహా పెట్టింది. గడువు దాటిన సరుకు, కృత్రిమ రంగులు, ఒకే ఫ్రిజ్‌లో శాకాహారం పక్కనే పచ్చి మాంసం, మూతలేని చెత్తడబ్బాలు, పనివాళ్లకు వైద్య ధ్రువపత్రాలు లేకపోవడం. పేరు మోసిన చోట్లు కూడా ఆ జాబితాకెక్కాయి. అదే ఏడాది అక్టోబరులో మోమోలు తిన్న పలువురు ఆసుపత్రి పాలై ఒక మహిళ చనిపోయాక, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఆ పోస్టులు చదివి మా ఇంట్లో అందరం ఛీ ఛీ అనుకున్నాం. రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం అందులో ఒక హోటల్ ముందు బల్ల కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. మా ముందు ఇంకా ఐదు కుటుంబాలున్నాయి. ఎవరూ ఫ్రిజ్ మాట ఎత్తలేదు.

మనం గొడవపడేది కంటికి కనిపించేదాని మీదే. పులుసులో ఈగ వస్తే హోటల్ దద్దరిల్లుతుంది. వంటగదిలో నూనె ఎన్నిసార్లు మరిగిందో అడగం, అడిగినా చెప్పేవాడుండడు. 2022 జనవరి నుంచి ప్రతి బిల్లు మీదా పద్నాలుగు అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి. అదొక్కటే వంటగదికీ మన చేతిలో కాగితానికీ ఉన్న లంకె. ఆ కాగితాన్ని మనం ఉండచుట్టి గిన్నెలో పడేసి వస్తాం.

బల్ల దగ్గర నోరు మెదపనివాళ్లం ఇంటికి వెళ్లాక ఫోను తీస్తాం. అక్కడ మనంత వీరులు లేరు. ఒక్క నక్షత్రం, నాలుగు పేరాల ఆవేశం. ఇంకోవైపు ఐదు నక్షత్రాల కథ వేరు. చేతులు తుడుచుకునేలోపు సర్వరు క్యూఆర్ కోడ్ అట్టముక్క తెచ్చి, “సార్, రేటింగ్ ఇచ్చి నా పేరు రాయండి, ప్లీజ్” అంటాడు. పక్కనే నిలబడి మన వేలు ఎక్కడ పడుతుందో చూస్తుంటాడు. అక్కడా మొహమాటమే గెలుస్తుంది. అందువల్ల హోటల్ సగటు రేటింగు అంటే మొహమాటంతో వేసిన ఐదులూ కోపంతో వేసిన ఒకట్లూ కలిపిన లెక్క అని నా అభిప్రాయం. తిన్నదానికి అక్కడ చోటు తక్కువ. ఆ ఒకటి పడేది కూడా రుసుము పెట్టిన యజమానికి కాదు, నెల చివర మేనేజరు ముందు నిలబడే కుర్రాడికి. అతను బహుశా ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చి ఉంటాడు, సీసా అమ్మమని చెప్పినవాళ్లు వేరే ఉంటారు.

అతనికి మరో నష్టం కూడా జరిగింది, ఎవరూ కావాలని చేసింది కాదు. ఇదివరకు బిల్లు పుస్తకంలో చిల్లర తిరిగొచ్చేది, అందులో పదో ఇరవయ్యో వదిలేసేవాళ్లం. ఇప్పుడు ఫోనుతో పైసాతో సహా కొట్టేస్తున్నాం. టిప్పు అనేది ఎవరూ ప్రకటించకుండానే మాయమైంది. జేబులో నోట్లు లేవు మరి.

ఆ రోజు మా బిల్లులో కూడా సర్వీసు చార్జీ ఉంది. కౌంటర్ దగ్గరకు వెళ్లి, ఇది తీసేయండి అన్నాను. వాదన ఉంటుందని మనసులో కోర్టు తేదీలన్నీ వల్లె వేసుకుని వెళ్లాను. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేస్తానని చెప్పాలని కూడా అనుకున్నాను. ఆయన తలెత్తలేదు. రెండు మీటలు నొక్కాడు, కొత్త బిల్లు బయటికొచ్చింది. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆ మీట అక్కడ ముందునుంచే ఉందన్నమాట, అడిగినవాళ్ల కోసం.

పెదనాన్న నా వెనకే నిలబడి ఇదంతా చూస్తున్నారు. “ఆ రెండు వందలూ ఆ పిల్లాడికే వెళ్తాయా నాయనా?” అని క్యాషియర్‌ను అడిగారు. ఆయన నవ్వి, తర్వాతి బిల్లు అందుకున్నాడు. పెదనాన్న మళ్లీ లోపలికి వెళ్లారు. మా బల్ల తుడుస్తున్న కుర్రాడి చేతిలో మడతపెట్టిన వంద నోటు పెట్టారు. అతను ముందు మేనేజరు ఎటు చూస్తున్నాడో చూసుకుని, అప్పుడు జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద ఒక సీసాలో సగం నీళ్లు మిగిలి ఉన్నాయి. పెదనాన్న దాన్ని చంకలో పెట్టుకుని బయటికొచ్చారు.