ఆన్ ఫ్రాంక్‌కు దండ వేయకండి

అమెరికా బడుల్లో చదివే మన పిల్లలలో చాలామంది ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఆన్ ఫ్రాంక్ డైరీ చదువుతారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలకు చిక్కకుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో కుటుంబంతో దాక్కుని ఆ డైరీ రాసిన యూదు అమ్మాయి ఆమె. ఆ తర్వాత మన తెలుగు సంఘాల వ్యాసరచన పోటీల్లో ఒకటే మాట వినిపిస్తుంది: ఇంత జరిగినా మనుషులు లోలోపల మంచివాళ్లేనని ఆమె నమ్మిందట. నిజమే, 1944 జూలై 15న అలా రాసింది. తమను కూడా మింగేయబోయే ఉరుము దగ్గరపడుతున్నట్టు వినిపిస్తోందని అక్కడే రాసింది. దాన్ని ఎవరూ ఉదహరించరు. ఇరవై రోజులకు, ఆగస్టు 4న, పోలీసులు వచ్చారు. దాక్కున్న ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగి వచ్చింది తండ్రి ఓటో ఒక్కడే.

ఆ ఒక్క వాక్యం అందరికీ హాయిగా ఉంటుంది, అమెరికాకు కూడా. 1941లో ఓటో న్యూయార్క్‌లోని పలుకుబడి గల పాత మిత్రుడికి ఉత్తరాలు రాసి మరీ కుటుంబానికి అమెరికా వీసాల కోసం ప్రయత్నించాడు. రాలేదు. ఈ సంగతి మన పిల్లల వ్యాసాల్లో నాకింతవరకు కనిపించలేదు.

పటం కట్టి దండ వేసేశాక ఇక ఆ మనిషి మాట వినక్కర్లేదు. ఆన్ మాట మాత్రం వినవలసినది. 1944 మార్చి 28న లండన్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వపు మంత్రి బొల్కెస్టైన్ అక్కడి నుంచి రేడియోలో, యుద్ధం ముగిశాక డైరీలు, ఉత్తరాలు సేకరిస్తామని ప్రకటించాడు. అది విన్న ఆన్ మే 20న తన డైరీని మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. పదిహేనో ఏడు ఇంకా నిండలేదు. పట్టుబడేలోపు రెండు వందలకు పైగా విడి కాగితాలు నింపింది. కొట్టివేతలు, చేర్పులు, పాత్రలకు మారుపేర్లు, పుస్తకానికి పేరు కూడా. అంతకు ముందు ఏడాది, తన గదిలోనే ఉండే దంతవైద్యుడితో బల్ల కోసం పెద్ద పేచీ పెట్టుకుంది. వారానికి రెండుసార్లు అదనంగా గంటన్నర కావాలని అడిగింది. ఆయన కుదరదన్నాడు. తండ్రి కలగజేసుకున్నాక గానీ బల్ల దక్కలేదు. నాకు ఈ డైరీలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. బయట మనుషుల్ని రైళ్లకెక్కించి చంపడానికి తీసుకెళుతుంటే, లోపల ఒక అమ్మాయి రాసుకోవడానికి చోటు కోసం పోట్లాడుతోంది.

తల్లి మీద ఆమె రాసిన కటువైన మాటలు మన ఇళ్లల్లో కొందరికి నచ్చవు. శరీరం గురించి రాసినవి అసలే నచ్చవు. 1947లో మొదటిసారి అచ్చువేసినప్పుడు అలాంటివి కొన్ని తీసేశారు. ఓటోను తప్పుపట్టలేను, చనిపోయిన భార్య గౌరవం ఆయనకు ముఖ్యం. కానీ మనకు ఆ మొహమాటం ఎందుకు? 1944 జనవరి 2న ఆన్ పాత పేజీలు తిరగేసి, అమ్మ గురించి ఇంత ద్వేషంగా రాసింది నేనేనా అని సిగ్గుపడింది. కోపాన్ని కత్తిరించిన ప్రతిలో ఈ సిగ్గుకు అర్థమేముంటుంది? పద్నాలుగేళ్ల మన అమ్మాయి అమ్మతో తలుపు వేసుకుని అలిగిన రోజున చదవవలసిన పేజీ అది.

కాబట్టి పిల్లలకు సంపూర్ణ ప్రతినే ఇవ్వండి. పోటీలు పెట్టేవారికీ ఒక మనవి. "ఆన్ మనకు నేర్పిన పాఠం" అనే అంశం ఇక మానేయండి. 1986లో వచ్చిన పరిశోధక ప్రతిలో ఆమె మొదట రాసిందీ, తిరగరాసిందీ పక్కపక్కనే ఉన్నాయి. ఏదో ఒక రోజు ఎంచుకుని, ఆమె ఏది మార్చిందో, ఎందుకు మార్చి ఉంటుందో రాయమని పిల్లల్ని అడగండి.