ఎనభై శాతం దగ్గర విస్తరి లాగేస్తారా?

ఎలక్ట్రిక్ స్కూటరుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో మన సంస్కృతి మీద ఘోరమైన దాడి జరుగుతోంది. ఇంతవరకు ఎవరూ ఖండించలేదు కాబట్టి ఆ భారం నేను తలకెత్తుకుంటున్నాను. రోజువారీ వాడకానికి బ్యాటరీని ఎనభై శాతం నింపితే చాలునట, ఇరవైకి పడిపోకముందే మళ్లీ ఛార్జింగ్ పెట్టాలట. ఎనభై శాతం! ఇంటికి వచ్చిన మనిషికి పప్పు, కూర, పులుసు వడ్డించి, పెరుగు వచ్చే వేళకు ‘ఇక లేవండి, మీ ఆయుష్షుకు మంచిది’ అని విస్తరి లాగేయమన్నట్టుంది. చాలు బాబోయ్ అని చేయి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే జాతి మనది. రాత్రి తొమ్మిదికి ప్లగ్గుకు తగిలించిన బ్యాటరీని తెల్లవారి పాలపాకెట్లు వచ్చేదాకా దించకపోవడం ఆ ఆతిథ్య ధర్మంలో భాగమే.

శాస్త్రం మాట వేరే, ఒప్పుకుంటాను. స్కూటరు బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్లు నూటికి నూరు నిండినప్పుడు దాని వోల్టేజీ గరిష్ఠానికి చేరుతుంది. ఆ స్థితిలో గంటల తరబడి ఉంటే లోపలి రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి, వేడి తోడైతే మరీ త్వరగా. ఈ బ్యాటరీకి బాట వేసినందుకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో జాన్ గుడినఫ్ ఒకరు. బహుమతి వచ్చేనాటికి ఆయనకు 97 ఏళ్లు. 2023లో, నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన అంతకాలం చెక్కుచెదరలేదు. ఆయన బాట వేసిన బ్యాటరీకి మాత్రం మన చేతిలో మూడు వేసవులు దాటడమే గగనంగా ఉంది.

గుడినఫ్ ప్రయోగశాలలోనే పుట్టిన ఐరన్ ఫాస్ఫేట్ రకం లిథియం బ్యాటరీ నిండు ఛార్జిని కాస్త ఓర్చుకుంటుంది. మీటరు లెక్క తప్పకుండా ఉండడానికి దాన్ని అప్పుడప్పుడు పూర్తిగా నింపమని తయారీదారులే చెబుతుంటారు. మరి మన స్కూటరుది ఏ రకం? తెలియాలంటే ఆ చిన్న పుస్తకం చూడాలి. అది బీరువాలో, ఇంటి దస్తావేజుల కింద, చింపని ప్లాస్టిక్ కవరులో క్షేమంగా ఉంది. నేను ఇక్కడ ఖండిస్తున్నది పక్కింటివారి ప్రతిని.

పుస్తకంతో పని లేకపోవడానికి అసలు కారణం, మన ఇళ్లలో బ్యాటరీ విజ్ఞానం వంశపారంపర్యంగా రావడం. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో, సగంలో ఛార్జింగ్ పెడితే బ్యాటరీ ఆ సగాన్నే గుర్తుపెట్టుకుంటుందని పెద్దలు భయపడేవారు. లిథియం బ్యాటరీకి ఆ జ్ఞాపకం లేదు. మనకు ఉంది. కాబట్టి మీటరులో సున్నా కనపడేదాకా బండి తోలి, చివరి సందు తోసుకుంటూ వచ్చి, క్రమశిక్షణ పాటించిన తృప్తితో ఛార్జింగ్ పెడతాం. ఇన్వర్టరు కాలం పెద్దలది ఇంకో సంప్రదాయం. సెల్లారులో తరచూ ఈ సంభాషణ వినిపిస్తుంది:

‘ఏం బాబూ, బ్యాటరీలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?’

‘దీనికి నీళ్లు పోయరు బాబాయిగారూ.’

‘అదీ సంగతి. మైలేజీ ఎందుకు రావడం లేదా అనుకుంటున్నాను.’

ఆ లోటు తీర్చడానికి కాబోలు, ఆదివారం వాటర్ సర్వీసింగ్ కుర్రవాడు పైపు నేరుగా ఛార్జింగ్ మూత వైపు తిప్పుతాడు. బ్యాటరీ మీద, దుమ్మూ నీరూ లోపలికి చొరవని చెప్పే ఐపీ 67 గుర్తు ఉంది కదా అని యజమాని ధీమా. అది మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట ఉంచి చేసే పరీక్ష. ఒత్తిడితో కొట్టే నీటికి వేరే పరీక్షలు ఉన్నాయి. అయినా అంకె ఉందంటే ధైర్యం ఉన్నట్టే.

ఇక వేసవి. రెంటచింతల, రామగుండం వంటి పేర్లు చెబితేనే చెమట పట్టే నేల మీద ఉంటున్నాం. ఎర్రటి ఎండలో స్కూటరు నిలిపి, సీటు మీద అట్టముక్కో తువ్వాలో కప్పి, లోపలికి వెళ్లిపోతాం. బ్యాటరీ ఆ సీటు కిందో, కాళ్లు పెట్టుకునే పలక కిందో నిండు ఛార్జితో ఉడుకుతుంటుంది. దానికి అట్టముక్క లేదు, ఎందుకంటే దాని మీద మనం కూర్చోం. మధ్యాహ్నం ఇల్లు చేరాక మనం చెప్పులు విడిచి, ఫ్యాను కింద చేరి, చొక్కా ఆరేదాకా ఎవరు పలకరించినా విసుక్కుంటాం. బ్యాటరీకి ఆ సౌకర్యం లేదు. ఇంజిను ఆగిన చప్పుడు కూడా లేని బండికి అలసట ఏమిటి? చల్లారడానికి కాస్త సమయం ఇవ్వమన్న వాక్యం కూడా ఆ పుస్తకంలోనే ఉంది కాబట్టి వెంటనే ప్లగ్గు పెడతాం.

ఛార్జరు పోతే మరీ సులువు. కంపెనీ ఛార్జరు ధర వినగానే మనలోని పొదుపరి మేల్కొంటాడు. వీధి చివరి కొట్లో ‘అన్ని బళ్లకూ పడుతుంది’ అనే పెట్టె ఒకటి దొరుకుతుంది. సీసపు బ్యాటరీ కోసం తయారైన ఛార్జరుకూ లిథియం ఛార్జరుకూ వోల్టేజీ వేరు, ఛార్జింగ్ ఆపే తీరు వేరు. పిన్ను మాత్రం ఒకటే. పెళ్లి సంబంధాల్లో కూడా మనం ఇంతకంటే ఎక్కువ చూడం.

అన్నింటికంటే నేను గౌరవించేది అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘాలను. కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనలు సవరించి, కొత్త భవనాల పార్కింగులో ఐదో వంతు వాహనాలకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని సూచించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. ఇవన్నీ సెల్లారు మెట్ల దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడి నుంచి కార్యదర్శి గారి పరిపాలన. ‘కింద ఛార్జింగ్ పెడితే ప్రమాదం, పైగా కామన్ మీటరు బిల్లు పెరుగుతుంది’ అని తీర్మానం. తీర్మానాన్ని తలదాల్చిన సభ్యుడు బ్యాటరీని ఊడదీసి, చంటిబిడ్డలా ఎత్తుకుని, లిఫ్టులో మూడో అంతస్తుకు తీసుకెళ్లి, పడకగదిలో మంచం పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తాడు. పక్కన దోమల బ్యాట్, ఫోను, తడి కూలర్. సెల్లారుకు ఇక ఏ ప్రమాదమూ లేదు.

ఈ ఒక్కచోట వేళాకోళం పక్కన పెడతాను. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. నిజామాబాద్‌లో బ్యాటరీ హాల్లో ఉంది, విజయవాడలో పడకగదిలో. ఇంటి మనుషులు నిద్రలో ఉన్నారు. సెల్లు ఒకసారి అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లుకు పాకుతుంది, విషవాయువులు వెలువడతాయి, మంట ఆర్పినట్టే ఆరి మళ్లీ లేస్తుంది. ఆ ఏడాది ప్రమాదాల తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను కేంద్రం కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి రెండు విడతలుగా అమలులోకి తెచ్చింది. ఆ ప్రమాణం కర్మాగారం గేటు దాకా పనిచేస్తుంది. గుమ్మానికి అడ్డంగా, బయటికి దారి మూసుకుపోయేలా బ్యాటరీ పెట్టకూడదనే తెలివి మాత్రం మనమే సమకూర్చుకోవాలి. ఉబ్బిన బ్యాటరీనో, కింద పడ్డ బ్యాటరీనో ‘ఈ ఒక్క రాత్రికీ’ అని ఛార్జింగ్ పెట్టే మనిషికి ఏ ప్రమాణమూ అడ్డు రాదు.

సరే, మళ్లీ సంస్కృతికి వద్దాం. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు గ్యాసు కట్టేస్తాం, తులసికోటకు నీళ్లు పోయమని పక్కింటివారికి తాళం ఇస్తాం. స్కూటరు సున్నా మీద ఉంటుంది, లేదా ప్లగ్గులోనే ఉంటుంది. సుమారు సగం ఛార్జితో నీడలో పెట్టి వెళ్లమనడం ఎవరికి వినసొంపుగా ఉంటుంది? సున్నా మీద వదిలిన బ్యాటరీ వారాల తరబడి తనలో తానే మరికాస్త ఇంకిపోయి, ఒక్కోసారి ఛార్జింగ్ తీసుకోవడమే మానేస్తుంది. అప్పుడు కంపెనీవాళ్లది మోసమని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తేలుస్తాం. బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే లోపలి ఎలక్ట్రానిక్ కాపలాదారు బీఎంఎస్ వేడి ఎంత, వోల్టేజీ ఎంత అని చిట్టా రాసుకుంటుందని సర్వీసు సెంటరు కుర్రవాడు చెబితే, ఇంటి గుట్టు బయటపెట్టే వస్తువును మనకు అంటగట్టినందుకు మరింత కోపం వస్తుంది.

దసరాకు మాత్రం ఏ లోటూ చేయం. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిలుకు బంతిపూల దండ, అద్దాలకు గంధం బొట్లు. మొన్న ఒక ఇంట్లో పంతులుగారు పూజ మధ్యలో ఆగి ‘ఇంజిను ఎటువైపు అమ్మా?’ అని అడిగారు. ఎవరికీ తెలియదు. కాస్త తర్జనభర్జన జరిగాక, కరెంటు ఎక్కేది అక్కడే కదా అని ఛార్జింగ్ మూత తీసి, లోపలి పిన్నులకు పసుపు, కుంకుమ, అక్షతలు నిండుగా సమర్పించారు. ఆ రాత్రి ఛార్జింగ్ ఎక్కలేదు. దిష్టి గట్టిగానే తగిలిందని తేలడంతో బూడిద గుమ్మడికాయ తెప్పించారు.