మగ మెదడుకు మినహాయింపు ఇవ్వాలి

"గ్యాస్ బుక్ చేయమని పొద్దున్నే చెప్పానా లేదా?" అని ఇల్లాలు నిలదీస్తే, చెప్పిన మాట ఎందుకు బుర్రకెక్కలేదో చెప్పడానికి మగజాతి దగ్గర చాలాకాలం జవాబు లేదు. చివరికి సైన్సే జాలిపడింది.

2000లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు 10 మంది మగవాళ్లను, 10 మంది ఆడవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి ఓ నవల చదివి వినిపించారు. వింటున్నప్పుడు మగవాళ్లలో ఎక్కువమందికి మెదడు ఎడమ పక్కనే చురుగ్గా కనిపించింది, ఆడవాళ్లలో ఎక్కువమందికి రెండు పక్కలా. అంటే మనవాళ్లు సగం మెదడుతోనే సంసారాలు నెట్టుకొస్తున్నారన్నమాట. సగం జీతగాడితో పూర్తి పని చేయించుకోవడం ఏం న్యాయం? వినే సామర్థ్యంలో తేడా ఉందని దీనికి అర్థం కాకపోవచ్చని ఆ పరిశోధకులే అన్నారు. పోనీండి, చదువుకున్నవాళ్లకు అణకువ ఎక్కువ.

2005లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీవాళ్లు ఇంకో మేలు చేశారు. ఆడగొంతు విన్నప్పుడు మగ మెదడులో శబ్దాన్ని విడమరిచే భాగం ఎక్కువ పని చేస్తోందట. ఎక్కువ పని చేస్తే ఇంకా బాగా వినపడాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. పత్రికలకు రాలేదు. ఆడవాళ్ల మాట మగవాళ్ల బుర్రకెక్కడం కష్టమని తేల్చేశాయి. ఆ స్కానర్‌లోకి ఎక్కినవాళ్లంతా మగవాళ్లే, ఆడమనిషి ఒక్కరూ లేరు. తీర్పు మనకు అనుకూలంగా ఉన్నప్పుడు అవతలి పక్షాన్ని పిలవకపోవడమూ ఒక పద్ధతే.

అంతకు ముందు ఏడాదే నెదర్లాండ్స్‌లో ఐరిస్ సోమర్ అనే పరిశోధకురాలి బృందం భాష మీద జరిగిన ఇలాంటి అధ్యయనాలను గుదిగుచ్చి లెక్కేసి, మొత్తమ్మీద ఆడ, మగ మెదళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదంది. పుణ్యానికి, దాన్ని ఎవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయలేదు.

గిట్టనివాళ్లు వేరే వాదన తెస్తారు. రైల్వే స్టేషన్‌లో అంత గోలలోనూ, పగిలిపోయిన స్పీకర్‌లోంచి వచ్చే ఆడగొంతు ప్లాట్‌ఫాం మారిందనగానే ఈ సగం మెదడువాడే సూట్‌కేసుతో సహా మెట్లెక్కుతాడు కదా అంటారు. ఫోన్‌లో మ్యాప్ అమ్మాయి 200 మీటర్లలో ఎడమకు తిరగమంటే మారుమాట లేకుండా తిరుగుతాడు కదా అంటారు. వాటిని శాస్త్రం ఇంకా పరిశీలించాల్సి ఉంది.

వయసు మీదపడేకొద్దీ కీచుమనే సన్నటి శబ్దాలు వినపడడం ఆడవాళ్లకన్నా మగవాళ్లకే ముందుగా తగ్గుతుందన్నది మాత్రం గట్టి నిజమే. చిక్కేమిటంటే అది చాలావరకు చెవి సంగతి, ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షతో ఇట్టే తేలిపోతుంది. తీయించుకోమని ఇంట్లో ఒత్తిడి పెరుగుతోంది. రిపోర్టు నార్మల్ అని వస్తే దాన్ని ఎక్కడ దాచాలో పురుష సంఘాలు వెంటనే సమావేశమై నిర్ణయించాలి.