క్రోమాన్యోన్ పాపంలో బ్యాండ్ వాటా ఎంత?

2004 డిసెంబర్ 30 రాత్రి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోని ఓన్సే ప్రాంతంలో ఉన్న రిపుబ్లికా క్రోమాన్యోన్ క్లబ్బు. కాషెహేరోస్ అనే రాక్ బ్యాండ్ మొదటి పాట ఎత్తుకుందో లేదో, జనంలో ఎవరో వెలిగించిన బాణసంచా పైకప్పుకు తగిలింది. అక్కడ ఉన్నది నీడ కోసం కట్టే ప్లాస్టిక్ వల, దానిపైన శబ్దం బయటికి పోకుండా అతికించిన ఫోమ్. అది కాలితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్. మంటల కంటే ఆ పొగే ఎక్కువ ప్రాణాలు తీసింది. మొత్తం 194 మంది పోయారు, 1,400 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో చాలామంది కుర్రాళ్లే. కొందరైతే ఒకసారి బయటపడి, లోపల చిక్కుకున్నవాళ్ల కోసం మళ్లీ వెళ్లి తిరిగి రాలేదు.

ఎమర్జెన్సీ తలుపుకు తాళం వేసి ఉంది. 1,031 మందికే అనుమతి ఉన్న హాల్లో దానికి దాదాపు మూడింతల జనం. అగ్నిమాపక సర్టిఫికెట్ గడువు నవంబర్‌లోనే ముగిసినా క్లబ్బు నడుస్తూనే ఉంది. అందుకే 'మా పిల్లల్ని చంపింది బాణసంచా కాదు, రాక్ సంగీతమూ కాదు, అవినీతి' అన్న నినాదం వీధుల్లో మార్మోగింది. నగర మేయర్ అనీబల్ ఇబారా 2006లో అభిశంసనకు గురై పదవి పోగొట్టుకున్నాడు.

నినాదం నిజమే. కానీ అది బ్యాండ్‌ను చాలా సులువుగా బయట పడేస్తుంది, నా పేచీ అక్కడే. బ్యూనస్ ఎయిర్స్ శివారు విల్లా సెలీనా నుంచి వచ్చిన కాషెహేరోస్‌ది పేటల్లో పుట్టిన రాక్. ఫుట్‌బాల్ స్టేడియంలోలాగే ఇక్కడా జెండాలు, చిచ్చుబుడ్లు, కేకలు ఉండాల్సిందే. బాణసంచా ఎంత ఎక్కువ కాలిస్తే అభిమానం అంత గొప్పదన్న లెక్క. ఆ రాత్రి క్లబ్బు నిర్వాహకుడు ఒమర్ చబాన్ మైకు పట్టుకుని, కాల్చొద్దని తిట్టినంత పని చేశాడు. గాయకుడు పత్రిసియో ఫోంతానెత్ కూడా చెప్పాడు. ఏళ్ల తరబడి ముద్దుచేసిన అలవాటు ఒక్క మాటతో ఆగుతుందా? పైగా ప్రవేశం దగ్గర సోదా చేసింది బ్యాండ్ తరఫు సెక్యూరిటీయే.

వాళ్లూ బాధితులే, కాదనలేం. ఫోంతానెత్ ప్రియురాలు, డ్రమ్మర్ తల్లి అక్కడే చనిపోయారు. 2009లో కోర్టు బ్యాండ్ సభ్యుల్ని నిర్దోషులంది. 2011లో పైకోర్టు ఆ తీర్పును తిరగేసింది, ఫోంతానెత్‌కు చివరకు ఏడేళ్ల శిక్ష పడింది. చబాన్ 2014లో క్యాన్సర్‌తో పోయాడు. నా దృష్టిలో రెండో తీర్పే సరైంది. సొంతవాళ్లను పోగొట్టుకున్నంత మాత్రాన, కచేరీ నిర్వహణలో పాలుపంచుకున్నవాడి బాధ్యత తగ్గదు.

డ్రమ్మర్ ఎదువార్దో వాస్కెస్ సంగతి వేరు. 2010లో భార్య ఒళ్లు కాలి చనిపోయింది, ఆ హత్య కేసులో అతనికి యావజ్జీవం పడింది. దాన్ని కూడా క్రోమాన్యోన్ శాపం అనేవాళ్లున్నారు. అది వట్టి సాకు.

ఫోంతానెత్ తర్వాత 'దోన్ ఒస్వాల్దో' పేరుతో కొత్త బ్యాండ్ పెట్టాడు, కచేరీలకు జనం బాగానే వస్తున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో కొందరు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు, ఇంకొందరు అతని వైపే నిలబడ్డారు. క్లబ్బు ఉన్న ఆ వీధిలో మాత్రం చనిపోయినవాళ్ల బూట్లు ఏళ్లుగా వేలాడుతూనే ఉన్నాయి.