నురుగు పట్టని స్కిమ్మర్ గారికి

భీమవరం,
ఆదివారం రాత్రి, కరెంటు వచ్చాక.

మహారాజశ్రీ ప్రొటీన్ స్కిమ్మర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయ అని రాశానే గానీ కుశలం మీ ఒక్కరిదే. అక్వేరియం కింది అరలో, సంపు అనే చిన్న తొట్టిలో, నడుము లోతు ఉప్పునీళ్లలో నిలబడి రోజంతా గుడగుడమంటూ హాయిగా గాలి పీలుస్తున్నారు. మీ నెత్తిన ఉన్న కప్పు మాత్రం పదకొండు రోజులుగా పొడిగా ఉంది. ఆ కప్పు నింపడం తప్ప మీకు ఈ ఇంట్లో మరో పని లేదని వినయంగా గుర్తు చేస్తున్నాను.

మీ ఉద్యోగం ఏమిటో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. చేపల విసర్జనలో, మిగిలిపోయిన మేతలో ఉండే మాంసకృత్తులు గాలి బుడగ కనబడితే చాలు, దాని ఒంటికి అతుక్కుంటాయి. మంచినీళ్లలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి లావెక్కుతాయి. ఉప్పునీళ్లలో అలా కలవకుండా సన్నగా, పాలలా నిలుస్తాయి. అందుకే మీ కొలువు సముద్రపు చేపల ఇంట్లోనే సాగుతుంది. ఆ సన్నని బుడగలు పైకెక్కి, మెడ దగ్గర నురుగుకట్టి కప్పులోకి పొర్లితే, కుళ్లి అమ్మోనియాగా మారకముందే మురికి బయటికి పోతుంది. బెల్లం వండేవాళ్లు మరిగే రసం మీది మడ్డిని గరిటెతో తీసినట్టే. వాళ్లకు గరిటె చాలు. నాకు మోటారు, పైపు, కరెంటు బిల్లు, మీరు కావలసి వచ్చారు.

మిమ్మల్ని షాపులో కొనుక్కుంటే పోయేది. కానీ ధర చూడగానే "ఈ మాత్రం దానికి అంతా? ఒక గొట్టం, నాలుగు పలకలే కదా" అనిపించింది. అలా అనిపించిన క్షణాన్ని మా ఆవిడ పాల లెక్క రాసే కేలండర్ మీద గుర్తు పెట్టి, ఆ పక్కనే మీ ఖర్చు రాయడం మొదలుపెట్టింది. షాపు ధరను మనం గత నెలలోనే దాటేశాం. మీరు మూడోవారు. మీ అన్నలిద్దరూ పెరట్లో, కొబ్బరి మట్టల పక్కన ఉన్నారు.

పెద్దాయన సంగతి చెప్పాలి. నేమ్‌ప్లేట్లు, బోర్డులు చేసే షాపులో అక్రిలిక్ పలక కొన్నాను. కోసేటప్పుడు రంపపు పళ్లు వేడెక్కి, ముందు కోసుకుపోతుంటే వెనక కరిగి మళ్లీ అతుక్కుంది. గంట సేపు కోసి, చివరికి పలకను పలకగానే ఇంటికి తెచ్చాను. మెల్లగా కోయాలని తెలిశాక కోశాను గానీ, అంచు గరుకుగా ఉందని గ్యాస్ మంట చూపించి అద్దంలా మెరిపించాను. ఎంత ముచ్చటగా ఉందో! మంట తగిలిన అంచులో బిగువు దాగి ఉంటుందట. అతికించే మందు తగలగానే ఆ మెరుపు నిండా వెంట్రుకల్లాంటి పగుళ్లు పరుచుకున్నాయి.

రెండో ఆయన దగ్గర బుద్ధి తెచ్చుకున్నాను. అంచును నీటిలో తడిపే ఉప్పుకాగితంతో చదును చేసి, గొట్టానికీ అడుగు పలకకూ మధ్య సన్నని గుండుసూదులు పెట్టి, ఇంజెక్షన్ సిరంజిలో మందు తీసుకున్నాను. ఇది జిగురు కాదు. నీళ్లకన్నా పలచగా ఉండి, రెండు పలకలనూ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. దాని ఆవిరి పీల్చకూడదని పెరట్లో కూర్చున్నాను. సూది మొన సందుకు ఆనించగానే, తడిగుడ్డ మీద సిరా పాకినట్టు, మందు తనంతట తానే అతుకు చుట్టూ పరుగెత్తింది. అర నిమిషం ఆగి సూదులు లాగేసి, బరువుగా ఆవకాయ జాడీ పెట్టాను. ఇంతటి అందమైన పని నా చేతుల మీద మరొకటి జరగలేదు. తెల్లారి చూస్తే అతుకంతా మంచు పట్టినట్టు తెల్లబడింది. మందు ఆవిరయ్యేటప్పుడు అతుకు చల్లబడి గాలిలోని తేమను లాక్కుంటుంది. మా గోదావరి డెల్టా గాలి సంగతి తెలిసిందే, ఇక్కడ అప్పడం కూడా డబ్బా బయట గంట నిలవదు. నీళ్లు పోయగానే ఆ తెల్లదనం గుండా ధార కట్టింది.

అందుకని మిమ్మల్ని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, పొడిగాలి చూసుకుని అతికించాను. మీరు కారలేదు. అందుకు కృతజ్ఞుడిని. కానీ కారకపోవడమే ఉద్యోగమైతే బిందె చాలదా?

మా బాబాయి వచ్చారు. ఆరు ఎకరాల వనామీ రొయ్యల చెరువు ఆయనది.

"ఏమిటిరా అబ్బాయ్ ఇది, ఏరియేటరా?"

"కాదు బాబాయ్. నీళ్లలో మురికి తీసేది."

"ఎన్ని ఎకరాలకు?"

"రెండు చేపలకు."

ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి ఉప్పుదనం చూసే గొట్టం తీసి, ఒక చుక్క వేసి, వెలుతురు వైపు పట్టి చూశారు. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు. "మా చెరువులోనే పది ఉంది, నువ్వు హాలులో సముద్రం పెట్టావు" అన్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నురుగే కావాలంటే చెప్పరా, మా చెరువు మూలకు గాలికి కొట్టుకొచ్చి బుట్టల కొద్దీ ఉంటుంది, ఊరికే ఇస్తాను" అన్నారు. ఆ మాట మీరూ విన్నారు. మీకు రోషం రాలేదు.

ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి ఈ డెల్టా కాలువల నిండా మంచినీళ్లు పారించాడు. ఆ మంచినీళ్లను డబ్బిచ్చి ఫిల్టర్ చేయించి, లీటరుకు 35 గ్రాముల లెక్కన, 190 లీటర్లకు దాదాపు ఏడు కిలోల ఉప్పు కొని కలిపిన మొదటి లబ్ధిదారుణ్ణి బహుశా నేనే. అంతర్వేదిలో సముద్రం ఉందిగా అంటారు అందరూ. గోదావరి పాయ వశిష్ఠ కలిసేచోట ఉప్పుదనం రోజుకో తీరు, వరదల్లో అయితే అంతా ఎర్రనీళ్లు. పగడాలకు తేటనీళ్లు కావాలి. ఆ బురదకు భయపడే అవి ఈ నదీముఖం వైపు రాలేదు. పోనీ ఎక్కడినుంచో తెద్దామా అంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గట్టి పగడాలన్నిటినీ పులి సరసన మొదటి షెడ్యూలులో కూర్చోబెట్టింది. కాబట్టి పగడాల దీవి అని నేను చెప్పుకునే చోట ఉన్నవి సిమెంటు రాళ్లు, హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలు, మీరు. ఫైళ్లు లేని ఆఫీసుకు సూపరింటెండెంటును వేసినట్టుంది.

ఒక్కసారి పొంగారు, కాదనను. పదకొండు రోజుల కిందట, బుధవారం తెల్లారేసరికి కప్పు నిండి, మూత ఎగిరి, అర మొత్తం తెల్లటి నురుగు. ఆనందం పట్టలేక బాబాయికి ఫోను చేశాను. ఆయన వచ్చి వేలితో కాస్త తీసి వాసన చూసి, "నిమ్మకాయ వాసన వస్తోందిరా" అన్నారు. ముందురోజు రాత్రి కప్పును గిన్నెల సబ్బుతో కడిగింది నేనే.

ఇక ఈ సాయంత్రం విషయం. కరెంటు పోయింది. మోటారు ఆగింది. నీళ్లు పైకి తోసే పైపే వెనక్కి లాగే పైపు అయి, తొట్టిలో నీళ్లను సంపులోకి, సంపులోంచి హాలులోకి దింపింది. నీటిమట్టానికి కాస్త కిందగా ఆ పైపుకు చిన్న రంధ్రం పెట్టి ఉంటే గాలి దూరి ధార తెగేది. రంధ్రం పెట్టనిది నేను, సరే. కానీ సంపులో అంత చోటు ఆక్రమించింది మీరు కాదా? ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మా హాలులో మూడూ ఒకేసారి, మా ఆవిడ గొంతులో వచ్చాయి.

కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుందని, లోపలి గోడలకు సన్నని జిగట పట్టేదాకా అలక తీరదని అనుభవజ్ఞులు చెబుతున్నారు. అలకపాన్పు ఎక్కిన అల్లుడికైనా స్కూటరో ఉంగరమో ఇస్తే దిగుతాడు. మీకేం కావాలో చెప్పండి.

ఇట్లు,
మిమ్మల్ని కోసి, అతికించి, ఆవకాయ జాడీ కింద పెంచినవాడు

తా.క. ఉత్తరం మడిచేముందు టార్చి వేసి చూశాను. కప్పు అడుగున అర అంగుళం మేర డికాషన్ రంగు నీళ్లున్నాయి. బాబాయికి ఇంకా ఫోను చేయలేదు. ముందు నేను వాసన చూస్తాను.