సవరణ: కోరలున్నవన్నీ మాంసాహారులు కావు

జంతువుల పళ్లపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో ‘కోరలు మాంసానికి, చదునైన దవడపళ్లు మేతకు’ అని ఉంది. అలాగైతే ఏటూరునాగారం అడవుల్లోని ఎలుగుబంటి మాంసాహారేనా అని పలువురు అడిగారు. కాదు. ఆ వాక్యాన్ని తీసేస్తున్నాను.

ఎలుగుకు పెద్ద కోరలున్నాయి, నిజమే. కానీ అది ఎక్కువగా తినేది చెదపురుగులు, చీమలు, పండ్లు. ఇప్పపూలు రాలే కాలంలో వాటినీ వదలదు. దాని పై దవడలో నడిమి ముందుపళ్లు రెండూ ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, మట్టిని ఊదేసి, ముక్కు రంధ్రాలు మూసుకుని పళ్లు లేని ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. ఎంత చక్కటి అమరికో చూడండి!

చిరుతకు సైతం కోరలు ప్రధానంగా ఎరను పట్టి చంపడానికే. మాంసాన్ని కోసేవి బుగ్గవైపు పళ్లు. పైదీ కిందిదీ కత్తెరలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి.

మేకకు పైన ముందుపళ్లు లేవని ఆ పోస్టులో రాసిన మాట మాత్రం అలాగే ఉంటుంది. అది జబ్బు కాదు. కింది 8 పళ్లను పైనున్న గట్టి పంటిచిగురుకు అదిమి ఆకు తెంపుతుంది. సందేహమున్నవారు మేక పై పెదవి ఎత్తి చూడవచ్చు.